పచ్చిక అంచున ఎలిగేటర్

గోల్ఫ్ ఆటకు ప్రపంచమంతా పాటించే నిబంధనల పుస్తకం ఒకటుంది. అందులో 16.2 నంబరు నిబంధన ప్రమాదకరమైన జంతువుల గురించి. బంతి పడిన చోట విషసర్పమో, తేనెటీగలో, కుట్టే ఎర్రచీమలో, ఎలుగుబంటో ఉన్నాయనుకుందాం. అక్కడే నిలబడి కొడితే ఆటగాడికి గట్టి హాని జరిగేలా ఉంటే బంతిని తీసుకెళ్లి క్షేమమైన చోట వేసుకోవచ్చు. అందుకు అదనపు దెబ్బ లెక్కించరు. ఆ జంతువుల వరసలో ఎలిగేటర్ పేరు కూడా ఉంది. మొసలి అంటే ఎరగని స్కాట్లండులో పుట్టిన ఆట అది. దాని నిబంధనల్లోకి ఈ పేరు ఎక్కిందంటే, ఆట ఏ నీళ్ల ఒడ్డుకు వెళ్లి స్థిరపడిందో తెలుస్తోంది.

ఎలిగేటర్ మన మొసలికి దాయాది. మంజీర నదిలో కనిపించే మగ్గర్, తూర్పు తీరపు ఉప్పునీటి మొసలి, గంగా పరీవాహకంలోని ఘరియాల్, ఈ మూడే మన దేశపు మొసళ్లు. ఎలిగేటర్ మన దగ్గర లేదు. ప్రపంచం మొత్తం మీద రెండే జాతులున్నాయి: ఒకటి చైనాలో, యాంగ్జీ నది దిగువన, అంతరించడానికి అంగుళం దూరంలో ఉంది. రెండోది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో లక్షల్లో ఉంది. మూతి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. నోరు మూసినప్పుడు కింది దవడలోని నాలుగో పన్ను లోపల దాక్కుంటుంది. మొసలికైతే అది బయటికి కనిపిస్తుంది. ఆడవి పది అడుగులు దాటడం అరుదు. ఫ్లోరిడాలో కొలిచిన వాటిలో అతి పొడవైన మగది పద్నాలుగు అడుగుల మూడున్నర అంగుళాలు.

సౌత్ కరొలైనాలో హిల్టన్ హెడ్ అనే ద్వీపం ఉంది. 1950ల చివర చార్లెస్ ఫ్రేజర్ అనే ఆయన అక్కడ సీ పైన్స్ పేరుతో విహార కేంద్రం మొదలుపెట్టాడు. టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని, ఆయన ఓ ఎలిగేటర్ పక్కన షికారుకు వెళ్తున్నట్టున్న ఫొటో 1960ల్లో దేశమంతా తిరిగింది. ఆ దృశ్యాన్నే ఇప్పుడు ఆ ద్వీపంలో కంచు విగ్రహంగా నిలబెట్టారు. విహార కేంద్రానికి ఎలిగేటర్ ఒకప్పుడు ఆకర్షణ అన్న సంగతిని ఆ విగ్రహం గుర్తుచేస్తుంది. అదే ద్వీపంలో 2018లోనూ, 2023లోనూ కుక్కను తీసుకుని కుంట పక్కగా నడుస్తున్న ఇద్దరు స్త్రీలు ఎలిగేటర్ దాడిలో చనిపోయారు. విగ్రహానికీ ఆ మరణాలకూ మధ్య మారినదేమిటన్నదే నన్ను వెంటాడే ప్రశ్న. జంతువు మారలేదు. దానికీ మనకూ మధ్య ఉండాల్సిన దూరం తరిగింది.

ముందు ఆ కుంటలు ఎలా వచ్చాయో చూద్దాం. ఫ్లోరిడా నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. రెండు మూడు అడుగులు తవ్వితే చాలాచోట్ల నీళ్లు పడతాయి. అలాంటి నేల మీద ఇల్లు కట్టాలంటే పునాది ఎత్తు చేయాలి. ఎత్తు చేయాలంటే మట్టి కావాలి. ఆ మట్టిని పక్కనే తవ్వి తీస్తారు, తవ్విన గొయ్యి కుంటవుతుంది. రోడ్ల మీద, కప్పుల మీద పడిన వానను ఒక్కసారిగా కాలువల్లోకి వదలకుండా నిలవ ఉంచడానికీ ఆ కుంటే పనికొస్తుంది. గోల్ఫ్ మైదానాలు రూపుదిద్దేవాళ్లకు అది ఆటలో అడ్డంకిగా అమరుతుంది. మైదానాల కోసమూ కుంటలు విడిగా తవ్వుతారు. ఒక్క ఫ్లోరిడాలోనే గోల్ఫ్ మైదానాలు వెయ్యికి పైగా ఉన్నాయి, ఒక్కో దానిలో కుంటలు ఎన్నో.

ఇప్పుడు ఆ కుంటను ఎలిగేటర్ కళ్లతో చూడండి. ఏడాది పొడుగునా ఎండని మంచినీళ్లు. చేపలు, తాబేళ్లు, బాతులు, కొంగలు. నీళ్ల అంచు దాకా కత్తిరించిన పచ్చిక. దీని ఒంటికి సొంత వేడి లేదు, తిన్నది అరగాలన్నా ఎండ కాగాలి. పొదలు లేని, వాలుగా నీళ్లలోకి దిగే గట్టుకన్నా ఎండ కాగడానికి మంచి చోటు అడవిలో కూడా దొరకదు. ఎవరూ కావాలని కట్టకపోయినా, ఎలిగేటర్‌కు ఇంతకన్నా అనువైన ఇల్లు మనిషి కట్టలేడు.

సముద్రపు ద్వీపాల దగ్గర ఈ కథలో మరో మలుపుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది అదే. మొసలి నాలుక మీద ఒంట్లోని అదనపు ఉప్పును బయటికి పంపే గ్రంథులుంటాయి. అందుకే ఉప్పునీటి మొసలి సముద్రంలో వారాల తరబడి బతకగలదు. ఎలిగేటర్‌కు అలా పనిచేసే గ్రంథులు లేవు. అయినా హిల్టన్ హెడ్, జెకిల్, కియావా లాంటి ద్వీపాల చుట్టూ ఉన్న ఉప్పుటేళ్లలో పీతలు, చేపలు, రొయ్యలు సమృద్ధిగా దొరుకుతాయి. చిన్న సొరచేపలను పట్టిన సందర్భాలూ నమోదయ్యాయి. అందుకని ఎలిగేటర్ ఉప్పుటేరులోకి వెళ్లి కడుపునిండా తిని, ఒంటికి ఉప్పు పట్టకముందే మంచినీళ్ల కోసం వెనక్కి వస్తుంది. ద్వీపంలో మంచినీళ్లు ఎక్కడున్నాయి? గోల్ఫ్ కుంటలో. తిండి ఒకచోట, తాగునీరు మరోచోట. ఈ రెంటి మధ్య దాని దారి ఆటగాళ్లు నడిచే పచ్చిక మీదుగా పోతుంది. మనిషిని వెతుక్కుంటూ అది మైదానానికి అడ్డంగా పోవడం లేదు. నీళ్లకు పోతోంది.

ఈ జంతువు ఒకప్పుడు దాదాపు మాయమయ్యే స్థితికి వచ్చింది. తోలు చెప్పులకు, సంచులకు గిరాకీ ఎక్కువై విచ్చలవిడిగా చంపారు. 1967లో అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చి, ఆ తర్వాత తోలు వ్యాపారానికి కళ్లెం వేశారు. కోలుకుంది. 1987లో పూర్తిగా కోలుకున్నట్టు ప్రకటించారు. ఇప్పుడు ఒక్క ఫ్లోరిడాలోనే పదమూడు లక్షలుంటాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి సంస్థ అంచనా. అక్కడి 67 కౌంటీలలో ఇది లేని కౌంటీ లేదు. అదే కాలంలో ఫ్లోరిడా జనాభా 1950లో 28 లక్షల నుంచి 2020 నాటికి రెండు కోట్ల పదిహేను లక్షలకు పెరిగింది. పెరిగిన జనం ఇల్లు కట్టుకున్నది నీటి ఒడ్డునే, జంతువు తిరిగి నిండిందీ ఆ నీళ్లలోనే.

మొసలి స్థానబలం గురించి వేమన పుణ్యమా అని మనకు బడి నాటి నుంచే తెలుసు. గజేంద్ర మోక్షం విన్నవాళ్లకు మరీ తెలుసు. ఆ స్థానబలం వెనక ఉన్న శాస్త్రం తెలిస్తే కుంట గట్టున ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎలిగేటర్ దవడల చుట్టూ గసగసాల్లాంటి చిన్న చిన్న నల్లటి బుడిపెలుంటాయి. అవి నీటి ఉపరితలంలో పుట్టే సన్నని కదలికను పట్టే ఇంద్రియాలు. డాఫ్నే సోరెస్ అనే శాస్త్రవేత్త 2002లో ఈ సంగతి తేల్చింది. చిమ్మచీకట్లో, సగం మునిగి ఉన్న ఎలిగేటర్ దగ్గర ఒక్క నీటిబొట్టు పడితే అది ఆ దిక్కుకు తిరిగింది. బుడిపెలను కప్పేస్తే తిరగలేదు. ఇక ఆలోచించండి. గట్టు మీద కూర్చుని చేత్తో నీళ్లు తట్టే పసివాడు, దాహమై నాలుకతో నీళ్లు గతికే కుక్కపిల్ల, బంతి కోసం నీళ్లలో కర్ర పెట్టి కెలికే ఆటగాడు, వీళ్లంతా పంపే అలలు కోట్ల ఏళ్లుగా ఆ బుడిపెలు ఎదురుచూస్తున్న అలలే. చీకటి పడే వేళ అది కళ్లతో చూసి మనిషా, కుక్కా, నీటికుక్కా అని తేల్చుకుని కదలదు. అలను బట్టి, పరిమాణాన్ని బట్టి కదులుతుంది.

కదిలితే ఆ వేగం క్షణాలది. దాని కండరాలు ఆక్సిజన్ అందకుండానే ఒక్కసారిగా విజృంభించే రకం. ఆ విజృంభణ కొద్ది సేపే, వెంటనే అలసట ముంచుకొస్తుంది. అందుకే నేల మీద మనిషిని తరుముకుంటూ దూరం పరిగెత్తడం దాని పద్ధతి కాదు. అడ్డదిడ్డంగా వంకరలు తిరుగుతూ పరిగెత్తాలని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. అది తప్పు. నీటికి దూరంగా, సూటిగా, వీలైనంత వేగంగా పోవడమే పని. ఒకసారి పట్టు దొరికితే మాత్రం సంగతి వేరు. పెద్ద ఎలిగేటర్ కాటు బలం 9,400 న్యూటన్లు దాటుతుందని 2003లో కొలిచారు. దాదాపు 960 కిలోల బరువు దవడ మధ్య పడినట్టు. పట్టాక నీటిలో ఒళ్లంతా గిరగిరా తిప్పుతుంది. దాని పళ్లు పట్టడానికే గానీ నమలడానికి కావు, ఆ తిప్పడమే దాని కత్తి.

2016 జూన్‌లో ఫ్లోరిడాలోని ఒక ప్రసిద్ధ విహార కేంద్రంలో రెండేళ్ల పసివాణ్ని రాత్రివేళ మడుగు అంచు నుంచి ఎలిగేటర్ లాక్కుపోయింది. తండ్రి పక్కనే ఉన్నాడు, విడిపించబోయాడు, వల్ల కాలేదు. అక్కడ తెచ్చిపోసిన ఇసుకతో బీచి ఉంది, ఈత కొట్టరాదని బోర్డులున్నాయి. ఎలిగేటర్ ఉందన్న మాట మాత్రం ఏ బోర్డు మీదా లేదు. ఈత వద్దన్నారంటే లోతు ఎక్కువేమో అనుకుంటారు, చీలమండ లోతు నీళ్లలో నిలబడితే ప్రమాదమేముందనుకుంటారు. సెలవు మీద వచ్చిన ఏ తల్లిదండ్రులైనా అలాగే అనుకుంటారు. ఆ తర్వాత బొమ్మలతో హెచ్చరిక బోర్డులు పెట్టారు, ఒడ్డు వెంట బండరాళ్ల గోడ, కంచె వేశారు. ఆ రెండు పనులూ ముందే చేసి ఉండాల్సింది.

లెక్కలు చూస్తే ఇలాంటివి అరుదు. 1948 నుంచి ఇప్పటి దాకా ఫ్లోరిడాలో రెచ్చగొట్టకుండా కరిచిన సందర్భాలు నాలుగైదు వందలు, మరణాలు 30కి అటూ ఇటూ. పదమూడు లక్షల జంతువులు, ఏటా కోట్ల మంది పర్యాటకులు తిరిగే చోట ఇది చాలా చిన్న సంఖ్య. అరుదు కాబట్టే జాగ్రత్త తేలిక. నీటి అంచుకు దూరంగా ఉండటం, ఎలిగేటర్ కనిపిస్తే కనీసం 60 అడుగుల ఎడం పాటించడం, పొద్దు వాలాక కుంటల దగ్గర తచ్చాడకపోవడం, కుక్కను పొట్టి తాడుతో నీటికి దూరంగా ఉండే వైపు నడిపించడం. నీళ్లలో పడిన బంతి పోయినట్టే. 2022లో ఫ్లోరిడాలోని లార్గోలో బంతికి బదులు డిస్కులు విసిరే డిస్క్ గోల్ఫ్ ఆడే పార్కు చెరువులో దిగి డిస్కులు వెతుకుతున్న ఓ మనిషి ప్రాణం పోయింది. ఒకవేళ పట్టుకుంటే ఊరుకోకుండా కళ్ల మీద, ముక్కు మీద బలంగా కొడుతూ పెనుగులాడాలని అక్కడి నిపుణులు చెబుతారు.

నెలలు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్, మే జత కట్టే కాలం. మగవి కొత్త నీళ్లు వెతుక్కుంటూ రోడ్ల మీదికి, ఇళ్ల వాకిళ్లలోకి వస్తాయి. జూన్ చివర ఆడది ఆకులు, తుంగ పోగేసి దిబ్బలాంటి గూడు కట్టి ముప్పై నలభై గుడ్లు పెడుతుంది. పుట్టేది ఆడో మగో గూటి వేడిని బట్టి తేలుతుంది. 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి, 30 దగ్గర ఆడవి. ఆగస్టులో పిల్లలు గుడ్డులోంచే కిచకిచమంటాయి. తల్లి ఆ పిలుపు విని దిబ్బను తవ్వి, పిల్లల్ని నోట పెట్టుకుని నీళ్లకు మోస్తుంది. ఒక ఏడాదీ అంతకన్నా ఎక్కువా దగ్గరుండి కాస్తుంది. జానెడు పిల్లలు, పసుపు చారలతో ముద్దొస్తాయి. ఫొటో కోసం వాటి దగ్గరికి వంగే ముందు తల్లి ఎక్కడో దగ్గరలోనే ఉందని తెలుసుకోవాలి. తల్లి బుసకొడితే అది హెచ్చరిక, ఆ హెచ్చరికకు విలువిచ్చి వెనక్కి అడుగేయాలి.

టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవికి ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళ్తారు. సాయంకాలం అపార్టుమెంటు వెనక కుంట చుట్టూ నడక అలవాటవుతుంది. గుడి కోనేట్లో చేపలకు మరమరాలు వేసే చేతులు అవి, ఆ నీళ్లు చూడగానే బాతులకో తాబేళ్లకో రొట్టెముక్క వేయబుద్ధవుతుంది. మన దగ్గర అది పుణ్యం. అక్కడ ఎలిగేటర్‌కు తిండి వేయడం నేరం. బాతులకు వేసినా ఆ సందడికి చేరేది ఎలిగేటరే. మనిషిని చూస్తే నీళ్లలోకి జారుకోవడం దాని సహజ గుణం. తిండి దొరుకుతున్న కొద్దీ మనిషి అంటే తిండి అని నేర్చుకుంటుంది. జారుకోవడం మానేసి ఒడ్డుకు ఈదుకొస్తుంది. రొట్టె వేసిన పెద్దాయన ఆ నెలాఖరుకు ఇండియా వచ్చేస్తాడు. ఆ గట్టుకు తర్వాత వచ్చేది ఎవరి పసిబిడ్డో.

అప్పుడు ఎవరో ఫోన్ చేస్తారు. 1978 నుంచి ఫ్లోరిడాలో ఇందుకోసం ఒక ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. నాలుగు అడుగులు, అంతకు మించిన ఎలిగేటర్ మనుషులకో పెంపుడు జంతువులకో ప్రమాదమని తేలితే ఒప్పందం మీద పనిచేసే పట్టేవాళ్లు వస్తారు. ఏటా వేలల్లో పడుతున్నాయి. వేరే చోట వదిలిపెట్టవచ్చు కదా అనిపిస్తుంది. ఎలిగేటర్ మైళ్ల దూరం నుంచి కూడా సొంత నీళ్లకు దారి వెతుక్కుని వస్తుంది. దారిలో రోడ్లు, ఇళ్లు. కొత్త చోట అప్పటికే ఉన్న మగదానితో పోరు. అందువల్ల పట్టినవాటిలో ఎక్కువ భాగాన్ని చంపేస్తారు. తోలు, మాంసం పట్టినవాళ్లకు పోతాయి.

వలతోనో, తాడుతోనో ఒడ్డుకు లాగాక మూతికి నల్లటి ఎలక్ట్రికల్ టేపు చుడతారు. అంత బలంగా మూసుకునే దవడను తెరిచే కండరం చాలా బలహీనం, కొన్ని చుట్లు చాలు. ట్రక్కు వెళ్లిపోతుంది. కుంట కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది. తర్వాత ఏదో ఒక రాత్రి, పక్క కుంట నుంచి పచ్చిక దాటుకుంటూ మరొకటి వచ్చి చేరుతుంది. అది ఇంకా మనిషి అలికిడికి నీళ్లలోకి జారుకునేదే.