నాదమూ నగిషీ

పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున నారదునికి తుంబురునిపై మత్సరము పుట్టిన కథ కలదు. గానవిద్యలో తుంబురుని గెలువవలెనని ఆ మునికి పంతము కలిగెను. అంతమాత్రమున ఆయన తన మహతికి బంగారు తొడుగు వేయింపలేదు. తుంబురుని కళావతిని పోలిన మరియొక వీణ కొరకు లోకములు గాలింపలేదు. ద్వారకకు పోయి, శ్రీకృష్ణుని అంతఃపురమున జాంబవతీ సత్యభామా రుక్మిణీదేవుల కడ శిష్యుడై సాధన చేసెను. లోపము వీణలో లేదు, వేళ్ళలో ఉన్నదని ఆ దేవర్షికి తోచినది.

వాద్యము పట్టిన ప్రతివారును జ్ఞాపకముంచుకొనదగిన కథ ఇది. నేడు పట్టణములలో గిటారు నేర్చు బాలురు వీధివీధిని కానవత్తురు. వారిలో కొందరు నాలుగు లావుపాటి తంతులతో మంద్రస్థాయిని పలుకు బేస్ గిటారును వరింతురు. దాని పేరెరుగనివారును దాని పలుకు విననివారు కారు. ఇళయరాజా స్వరపరచిన ‘గీతాంజలి’ (1989) పాటలను శ్రద్ధగా వినుడు. గాయకుని గొంతుకు అడుగున, నేలలోని ఊటవలె, వేరొక రాగరేఖ నడచుచుండును. అది బేస్ గిటారు పలుకు. అట్టి పలుకును కోరి కొందరు యువకులు మొదట చేయు పని యేమనగా, పాతకాలపు గిటార్ల మీద ఉండెడి తాబేటిచిప్ప వన్నె పలకను కొని తమ వాద్యమునకు బిగించుట. రూపము పాతదైనచో నాదమును పాతదగునని వారి ఆశ. ఈ ఆశలో నిజమెంత?

మొదట ఆ పలక కథ వినదగును. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అను ఆయన ‘ప్రిసిషన్ బేస్’ అను వాద్యమును విపణిలోనికి తెచ్చెను. అంతకు పూర్వము మంద్రస్వరమునకు నిలువెత్తు డబుల్ బేస్ దిక్కు. దానికి మెట్లు లేవు. స్వరస్థానమును చెవితోనే వెదకవలెను. ఫెండర్ గిటారునకు మెట్లుండుటచే స్వరము ఖచ్చితముగ పలుకును. ప్రిసిషన్ అను పేరునకు అర్థమదియే. మీటు వేళ్ళు, గోళ్ళు కొయ్యను గీరకుండ దానిమీద ఒక పలకను బిగించిరి. దానినే పిక్‌గార్డ్ అందురు. తొలుత అది నల్లనిది. 1957లో బంగారు వన్నె అల్యూమినియపు రేకు వచ్చినది. 1959లో తాబేటిచిప్ప వన్నె పలక వచ్చినది.

ఆ వన్నె తాబేటిది, పదార్థము మాత్రము సెల్యులాయిడ్. దూది వంటి పదార్థమును ఆమ్లములతో సంస్కరించి, కర్పూరము చేర్చి దానిని చేయుదురు. కర్పూరమువలెనే అది భగ్గున మండును. ఏండ్లు గడచిన కొలది ముడుచుకొని, మరమేకుల చోట పగులును. 1870 ప్రాంతమున జాన్ వెస్లీ హయట్ బిలియర్డు బంతుల కొరకు ఏనుగు దంతమునకు బదులు పదార్థమును వెదకుచు దీనిని రూపొందించెను. పాత గిటార్ల ప్రేమికులు అపురూపమని మురియు పలక పుట్టుకతోనే ఒక అనుకరణ.

ఇక నాదము పుట్టు విధమును చూతము. ఈ గిటారు తంతి క్రింద అయస్కాంతములు, వాని చుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగ ఉండును. ఉక్కు తంతి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము చలించి రాగితీగలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన ధర్మమే ఇది. ఆ స్వల్ప విద్యుత్తును పెంచి ధ్వనిపేటికకు పంపుదురు. ఈ మార్గములో పలకకు పాత్ర మిక్కిలి తక్కువ. దాని అడుగున లోహపు రేకు అతికించినచో, పరిసరములలోని విద్యుత్తు వలన కలుగు హోరు కొంత తగ్గును. అంతకుమించి దాని వన్నెకును నాదమునకును సంబంధము లేదు.

సంబంధము గల విషయములు వేరు. అన్నిటికంటె లావైన తంతి సెకనుకు సుమారు 41 పర్యాయములు కంపించును. అంతటి మంద్రస్వరమును చిన్న ధ్వనిపేటిక మోయజాలదు. తంతిని మెడకు దగ్గరగ మీటినచో పలుకు మృదువై నిండుగ నుండును; గుఱ్ఱమునకు దగ్గరగ మీటినచో బిరుసై స్పష్టముగ నుండును. పైచుట్టు నునుపైన తంతి ఒక తీరున, గరుకైన తంతి మరియొక తీరున పలుకును. డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ (1936–1983) నునుపు తంతులనే వాడెను. తెగినగాని వానిని మార్చెడివాడు కాడు. గుఱ్ఱము కడ తంతులకు మెత్తని స్పంజిముక్క తగులుచుండెను. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటెడివాడు. ఆ పలుకును కోరువారు కొనవలసినది తంతులు, పిడికెడు స్పంజి. మిగిలినది ఆ చూపుడువేలి సాధన. అది అంగడిలో దొరకదు.

స్పంజిముక్కతో నాదము మారుట తెలుగువారికి వింత కారాదు. తంబురా గుఱ్ఱముపై తంతి క్రింద సన్నని నూలుపోగును జరిపి ‘జీవ’ పట్టుట గాయకులకు నిత్యకృత్యము. పోగు సరియైన చోట నిలిచిన క్షణమున తంబురా ఝుమ్మని మేలుకొనును. వెండ్రుకవాసి జరిగిన మూగపోవును. ఈ విశేషమును సర్ సి. వి. రామన్ పరిశోధించి 1921లో ప్రకటించెను. తంతి పలుకునపుడు ప్రధాన స్వరముతో పాటు, తంతి సగము, మూడవ వంతు, నాలుగవ వంతు మొదలగు భాగములుగ కంపించుటచే ఉపస్వరములును పుట్టును. మీటిన బిందువున కదలిక లేకుండవలసిన ఉపస్వరములు ఆ మీటుతో పుట్టరాదని పాశ్చాత్య శాస్త్రజ్ఞుల సూత్రము. వీణ, తంబురాలలో ఆ ఉపస్వరములు సయితము గట్టిగ పలుకుచున్నవని, దానికి కారణము వాని గుఱ్ఱము యొక్క వంపేనని రామన్ చూపెను. ఆ వంపును పేరు తెలియని వడ్రంగులు చెవియే ప్రమాణముగ ఏనాడో చెక్కియుండిరి.

అట్లని వాద్యమున పదార్థమునకు విలువయే లేదనరాదు. విద్యుత్తు సాయము లేని వాద్యమున కొయ్యయే పాడవలెను. విజయనగరము జిల్లా బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనసకొయ్యను తొలిచి వీణలు చేయు కుటుంబములు తరతరములుగ కలవు. ఒకే మ్రానులో చెక్కిన ఏకాండవీణకు అక్కడ ప్రసిద్ధి. అందు కుండ యొక్క దళసరి, కొయ్య ఎండిన తీరు, మైనముపై 24 మెట్లు నిలిపిన నేర్పు, అన్నియు నాదమున వినబడును. అంచుల నగిషీ వినబడదు. పూర్వము వీణలను దంతముతో, జింకకొమ్ముతో అలంకరించెడివారు. నేడు ఆ చోట ప్లాస్టిక్ వచ్చినది. వీణ గొంతు మాత్రము పోలేదు.

తెలంగాణపు కిన్నెర ఈ సత్యమును మరింత స్పష్టముగ చెప్పును. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనము, తంతులు: ఇవి దాని అంగములు. నెమలియీకలు, అద్దములు, రంగు గుడ్డలు దాని ముస్తాబు. పన్నెండు మెట్ల కిన్నెరను వాయించు నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. ఈ కిన్నెర మెట్లను పూర్వము అలుగు అను అడవిజంతువు పొలుసులతో చేసెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ మూగజీవమునకు రక్షణ నిచ్చినది. మరి కిన్నెర ఏమి కావలెను? మెట్టు చేయు పని యేమో తెలిసినవారికి సమాధానము కష్టము కాదు. తంతి పొడవును గట్టిగ నిర్ణయించుటయే దాని పని. వీణలో ఆ పనిని లోహపు మెట్టు చేయుచునే యున్నది. అలుగు బ్రతుకవచ్చును, కిన్నెరయు బ్రతుకవచ్చును. కిన్నెరకు నిజముగ కరవైనది పొలుసు కాదు, నేర్చుకొను శిష్యుడు.

వాద్యమునకు విడువరాని పదార్థము చెట్టు చేమలలో నున్నది. సిద్దిపేట జిల్లా ములుగు ఈ సందర్భమున తలపునకు వచ్చును. రామప్పగుడి గల ములుగు వేరు. ఇది హైదరాబాదు నుండి సిద్దిపేటకు పోవు రాజీవ్ రహదారిపై నున్నది. ఇచ్చట అటవీ కళాశాల కలదు. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమును కలదు. ఒకచోట మ్రానులను గూర్చి, మరియొకచోట పండ్లతోటలను, కాయగూరలను గూర్చి యువకులు చదువుదురు. వీణకు పనస, కిన్నెరకు సొర కావలెను. గిటారు మెట్లపలకకు ఇరుగుడు జాతి కొయ్య ప్రసిద్ధము. ఆ ఇరుగుడు జాతి వర్తకముపై 2017 నుండి అంతర్జాతీయ నియంత్రణ ఏర్పడినది. సిద్ధమైన వాద్యములకు 2019లో మినహాయింపు లభించినది. నేడు నాటిన మొక్క ముదిరి మ్రానైనగాని రేపటి వడ్రంగికి కొయ్య దొరకదు. రాబోవు కాలపు నాదము నేటి నారుమడిలో నున్నదనుట అతిశయోక్తి కాదు.

పాఠశాలలో ఈ విషయమును బోధించుటకు ఖరీదైన గిటారు అక్కరలేదు. బల్లపై రెండు మేకులు కొట్టి వాని నడుమ ఒక సన్నని ఉక్కుతీగను బిగింపుడు. నడుమ ఒకసారి, కొసకు దగ్గరగ ఒకసారి మీటి తేడాను పిల్లలచే చెప్పింపుడు. పిదప తీగ క్రింద ఒక చెక్కపెట్టెను గుఱ్ఱమువలె నిలిపి మరల మీటుడు. చిన్న పలుకు గది నిండును. చివరకు ఆ పెట్టెకు రంగు కాగితము అంటించి మీటి, ఏమి మారినదో అడుగుడు. పిల్లలు నవ్వుదురు. నారదుడు ద్వారకకు ఎందులకు పోయెనో అప్పుడు చెప్పిన, వారు మరువరు.