రాయలవారి కొలువుకో టిక్కెట్టు

మాది విజయనగరం అనగానే పై ఊళ్లవాళ్లు కొందరు, "ఓహో, కృష్ణదేవరాయలవారి ఊరా?" అంటారు. కాదండీ, ఆ విజయనగరం తుంగభద్ర ఒడ్డున హంపీలో ఉంది, మాది 1713లో కోట కట్టుకున్న పూసపాటివారి ఊరు అని చెప్పీ చెప్పీ మాకు నోరు నొప్పి పుట్టింది. 1991 జూలైలో 'ఆదిత్య 369' విడుదలైనప్పుడు మాత్రం ఈ తికమక ముద్దుగానే తోచింది. సినిమాహాలు దగ్గర టిక్కెట్ల వరసలో నా ముందున్న రిక్షా అతను, "రాయలోరు మనూరోరేనట! ఈ సినీమాలో అగుపిస్తారట" అని పక్కవాడితో ధీమాగా చెబుతున్నాడు. దిద్దడానికి నాకు మనసొప్పలేదు. ఎంతైనా 1516లోనూ, 1519లోనూ రాయలవారు మా పక్కనున్న సింహాచలం వచ్చినట్లు అక్కడి శాసనాలే చెబుతున్నాయి గదా!

కాలయంత్రం అనే ఊహ మనది కాదు. 1895లో ఇంగ్లీషు రచయిత వెల్సు దాన్ని నవలగా రాశాడు. ఆయన కథానాయకుడు యంత్రమెక్కి తిన్నగా 8,02,701వ సంవత్సరానికి పోయాడు. మన సింగీతం శ్రీనివాసరావుగారు అలా చేయలేదు. ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన యంత్రంలో బాలకృష్ణనూ, మోహినినీ ముందుగా 1526కు, రాయలవారి కొలువుకు పంపారు. తెనాలి రామకృష్ణకవిని చూపించి, ఆ తరువాతనే 2504కు తీసుకుపోయారు. తాతల్ని పలకరించి మరీ మనుమల ఇంటికి వెళ్లడమన్నమాట. తెలుగు ప్రేక్షకుడికి ఈ వరస ఎంతో నచ్చింది.

శివలెంక కృష్ణప్రసాద్‌గారు నిర్మించిన ఈ చిత్రాన్ని గాయకుడు బాలసుబ్రహ్మణ్యంగారు సమర్పించారు. మాటలు జంధ్యాలవారివి, సంగీతం ఇళయరాజాది. బాలకృష్ణ ఇటు నేటి యువకుడుగానూ, అటు రాయలవారుగానూ రెండు వేషాలు కట్టారు. చిత్రీకరణలోనే ఒక చిక్కు వచ్చిపడింది. ఛాయాగ్రాహకుడు పి.సి. శ్రీరామ్‌కు మధ్యలో జబ్బు చేసింది. అందుచేత రాయలకాలం వి.ఎస్.ఆర్. స్వామిగారి చేతికి, రాబోయే కాలం కబీర్‌లాల్ చేతికి వెళ్లాయి. మూడు కాలాలకు ముగ్గురు కెమెరావారు! ఈనాటి కంప్యూటరు మాయలు అప్పట్లో అందుబాటులో లేవు. సెట్టింగులతో, దీపాలతో, కెమెరా కిటుకులతోనే పని జరిపించారు.

ఇంతకీ జనం దీన్ని ఎలా నమ్మారు? మా ఇంట్లో అందరికంటె ముందు నమ్మింది మా అమ్మ. సైన్సన్నది ఆమె ఏనాడూ చదవలేదు. "ఇందులో వింతేముందిరా? రేవతి తండ్రి కకుద్మి కూతురికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, క్షణం ఆగి తిరిగివస్తే ఇక్కడ యుగాలు గడిచిపోలేదూ?" అంది. పిల్లల సంగతి వేరు. మా వీధిలో పాత బీరువాకు పసుపుతో అంకెలు రాసి, వంతులవారీగా లోపల కూర్చుని రాయలవారి దగ్గరకు పోయివచ్చేవారు. మా అబ్బాయి ఒకనాడు, "వెనక్కి వెళ్లి తాతయ్య పెళ్లి ఆపేస్తే నేనుంటానా నాన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే తలలు పట్టుకుంటున్నారు!

సింగీతంవారికి ఈ విద్య కొత్తది కాదు. 1957 నాటి 'మాయాబజార్'కు ఆయన కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడు. ప్రియదర్శిని పెట్టె మూత తీసి శశిరేఖ అభిమన్యుణ్ణి చూసుకునే నాటికి మన ఇళ్లలో టీవీ అన్న మాటే లేదు. మళ్లీ 2024లో నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' తీసినప్పుడు, తొంభై దాటిన ఈ పెద్దాయనే సలహాదారు. అందులో భారతయుద్ధం నాటి అశ్వత్థామ 2898 దాకా బతికే ఉంటాడు. బుజ్జి అనే మాటలాడే బండిని బొమ్మగా కాక నిజంగా నడిచేటట్టే తయారుచేయించి ఊళ్లకు తిప్పారు. కథ ఒక భాగంతో తీరలేదు. సీరియల్ చదివేవారికి 'సశేషం' సంగతి వేరే చెప్పాలా?

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మెరుగులు దిద్దుకుని మళ్లీ విడుదలైంది. ఆ పాత కిటుకుల్ని చూసి ఈ కాలపు పిల్లలు నవ్వుతారేమో అనుకున్నాను. మా మనుమడు నవ్వలేదు. 2504లో అణుయుద్ధం తాలూకు విషానికి భయపడి జనం భూమికింద కాపురముండడం చూసి, "వాళ్లకి ఎండ ఎవరు లేకుండా చేశారు తాతయ్యా?" అన్నాడు. 'కల్కి'లో ఎండిపోయిన గంగను చూసినప్పుడూ అదే ధోరణి: "మన పెద్దచెరువు కూడా ఇలాగే అయిపోతుందా?"

రాయలవారి వైభవం చూసి చప్పట్లు కొట్టడం మాకు సులువైంది, అది ఎవరో కట్టిపెట్టినది. ఆ 2504ను మాత్రం మనమే కడుతున్నాము. సినిమా చూసివచ్చిన పిల్లలు ఇలాంటి ప్రశ్న వేస్తే, "అది కథేలే" అని కొట్టివేయకండి. అన్నం ముందు కూర్చున్నప్పుడైనా, తెలిసినంతవరకు జవాబు చెప్పండి.