సంతకానికి ముందు... ఒక్క నిమిషం!

ఐటీఐ పూర్తయింది. ‘కంపెనీలో అప్రెంటిస్‌గా తీసుకుంటారట’ అంటూ కుర్రాడు కాగితాలు తెచ్చాడు. పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి సంతకం నాన్నే పెట్టాలి. బుచ్చయ్యపేట లాంటి ఊళ్ల నుంచి అచ్యుతాపురం, పరవాడ కర్మాగారాల వైపు పిల్లల్ని పంపే ఏ ఇంట్లోనైనా ఎదురయ్యే సందర్భమే ఇది. మరి ఆ కాగితంలో ఏముందో చూశారా?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దృష్టిలో ఆ కుర్రాడు కార్మికుడు కాదు, పని నేర్చుకునే విద్యార్థి. అందుకే మామూలు కార్మిక చట్టాలు వర్తించవు. ఒప్పందంలో రాస్తే తప్ప, శిక్షణయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు.

అలాగని గాలికి వదిలేయలేదు. ఆరోగ్యం, భద్రత విషయంలో కార్మికులకున్న రక్షణే వీరికీ ఉంటుంది. శిక్షణలో గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలి. సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. స్టయిపెండ్ తప్పనిసరి. 2019 సవరణలో ఐటీఐ వారికి నెలకు కనీసం 7 వేల రూపాయలుగా నిర్ణయించారు. ప్రమాదకర పరిశ్రమలైతే 18 ఏళ్లు నిండాల్సిందే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదం 17 మందిని బలిగొంది. ఆ నిబంధన ఎందుకో వేరే చెప్పాలా?

ఈ హక్కులకు ఆధారం రిజిస్టరైన ఒప్పందమే. నోటిమాటతో చేరితే రేపు చూపించడానికేమీ ఉండదు. వివాదం వస్తే అప్రెంటిస్‌షిప్ సలహాదారును ఆశ్రయించవచ్చు.

కాబట్టి నాన్నగారూ... సంతకం పెట్టండి. చదివాకే పెట్టండి. ఓ నకలు ఇంట్లో దాచండి!