పైనా కిందా ఎరిగిన కణం

అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లోని విలియమ్స్ స్క్వేర్‌లో తొమ్మిది కంచు గుర్రాలు నీళ్లు చిమ్ముతూ ఒకే దిక్కుకు పరుగెడుతుంటాయి. మన పేగు లోపలి పొరలో కణాలు కూడా అంతే, తలలన్నీ ఒకే వైపు. పై కొస తిండిలోని సారాన్ని పీల్చుకుంటుంది. అడుగు తన కింది పొరను గట్టిగా పట్టుకుంటుంది. పక్కలు ఇరుగుపొరుగు కణాలతో కుట్టేసినట్టు ఉంటాయి. ఏది పైనో ఏది కిందో కణానికి చెప్పేవి కొన్ని ప్రొటీన్లు. పార్ జట్టు పై కొసన కాపు కాస్తుంది. స్క్రిబుల్, డీఎల్‌జీ, ఎల్‌జీఎల్ పక్కల్నీ అడుగునీ చూసుకుంటాయి. ఒకరి హద్దులోకి ఇంకొకరిని రానివ్వవు.

ఆ కాపలా తప్పితే ఏమవుతుందో చూపించింది మగ్గిన అరటిపండు మీద ముసిరే చిట్టి ఈగ. ఎల్‌జీఎల్ జన్యువు చెడిన ఈగ లార్వా ప్యూపాగా మారదు. అలా ఉబ్బుతూ ఉబ్బుతూ చచ్చిపోతుంది. దాని ఒంట్లో రేపటి రెక్క తయారయ్యే చోట, ఒంటి వరసలో నిలబడాల్సిన కణాలు గుండ్రంగా మారి, ఒకదాని మీదొకటి ఎక్కి ముద్ద కట్టి కనిపిస్తాయి. 1960ల చివర్లో ఎలిజబెత్ గేటెఫ్ అలాంటి కణితి ముక్కను ఆరోగ్యంగా ఉన్న ఈగలో పెట్టి చూశారు. అక్కడా పెరిగి, ఆ ఈగనూ చంపింది. దిక్కు మరిచిన కణం ఆగడం కూడా మరిచిపోతుందన్నమాట! 2000లో డేవిడ్ బిల్డర్, నార్బర్ట్ పెరిమన్ బృందం స్క్రిబుల్, డీఎల్‌జీ, ఎల్‌జీఎల్ మూడూ ఒకే జట్టుగా పనిచేస్తాయని తేల్చింది.

కణానికి దిక్కు చెప్పే మరో ప్రొటీన్ ఎల్‌కేబీ1 కథ ఇంకా అబ్బురం. 2004లో శాస్త్రవేత్తలు ఒంటరి పేగు కణంలో దాన్ని మేల్కొలిపితే, పక్కన తోడు కణం ఒక్కటీ లేకుండానే దానికి పై కొస ఏర్పడింది. డాలస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ పరిశోధకులు 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను పరీక్షించారు. కనీసం 20 శాతం కణితుల్లో ఈ ఎల్‌కేబీ1 జన్యువే చెడిపోయి ఉంది.

ఆ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ వైరస్ గురి కూడా ఇక్కడే. దాని 16, 18 రకాలు ఈ6 అనే ప్రొటీన్‌తో స్క్రిబుల్‌నీ డీఎల్‌జీనీ పట్టి నాశనం చేయిస్తాయి. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఆ రెండు రకాల వల్ల వచ్చేవే.

వైరస్ ఒంట్లో చేరకముందే అడ్డుకునే టీకా మన చేతిలో ఉంది. అమెరికాలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ 11, 12 ఏళ్లకే వేయించమంటారు. మీ ఇంట్లో ఆ ఈడు పిల్లలుంటే మొహమాటపడకుండా డాక్టర్ని అడగండి.