బూజు పట్టిన వేరుసెనగ

పేరాల, బాపట్ల ప్రాంతపు ఇసుక నేలలలో వేరుసెనగ పండును. ఆ కాయ తడిసినచో బూజు పట్టును. 1960వ సంవత్సరమున ఇంగ్లాండులో బూజు పట్టిన వేరుసెనగ చెక్కను మేసి లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు.

హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున మాధవన్, గోపాలన్ అను శాస్త్రజ్ఞులు ఈ విషమును ఎలుకలపై పరీక్షించిరి. ఒక తెగ మేతలో నూటికి 20 పాళ్లు, మరియొక తెగ మేతలో 5 పాళ్లు మాంసకృత్తులుంచి, రెండింటికిని విషము నిచ్చిరి. 1968లో ప్రకటించిన ఫలితము వింతయైనది. మాంసకృత్తులు సమృద్ధిగా తిన్న ఎలుకల కాలేయములలో కంతులు పెరిగెను. కొరతగా తిన్నవాని యందు పెరుగలేదు.

అట్లయిన కొరతయే మేలా? కాదు. కొరత మేత తిన్న పిల్ల ఎలుకల కాలేయమునే ఆ విషము త్వరగా, తీవ్రముగా చెరచునని వారే 1965లో చూపిరి. ఒక కీడు తప్పినచోట మరియొకటి కాచుకొని యున్నది. అదియునుగాక, ఎలుకలకు వేసిన లెక్క మనుష్యులకు యథాతథముగా చెల్లదు.

కావున బిడ్డల కంచములో పప్పును, పాలను తగ్గింపరాదు. విషమునే దూరము చేయవలెను. కాయను బాగుగా ఎండబెట్టి, తడి తగులకుండ నిలువచేయవలెను. బూజు పట్టిన పలుకులను ఏరి పారవేయవలెను. వేయించినను ఆ విషము పూర్తిగా పోదు.