ఇల్లు తగలబెట్టక్కర్లేదు, ఫైలు చాలు

తెలుగువాళ్లు గుంపులుగా ఉండే జెర్సీ సిటీ తెలుసు కదా, దాని పక్కనే హొబోకెన్ అని చిన్న ఊరుంది. నది దాటితే మన్‌హట్టన్. నా బ్యాచ్‌మేట్ ఒకడు అక్కడ అద్దెకు దిగాడు. వాడు రెంట్ ఎంతో చెప్పాక నాకు నిద్ర పట్టక ఆ ఊరి చరిత్ర వెతికాను.

1978 నుంచి 1983 దాకా ఆ ఊళ్లో దాదాపు 500 సార్లు ఇళ్లు తగలబడ్డాయి. 55 మంది చనిపోయారు. వేలమంది రోడ్డున పడ్డారు. ఎక్కువమంది ప్యూర్టోరికో నుంచి వచ్చిన పేద కిరాయిదారులే. అప్పుడే న్యూయార్క్ ఉద్యోగుల చూపు ఆ ఊరి మీద పడింది. కానీ అక్కడ రెంట్ కంట్రోల్ ఉంది, పాత కిరాయిదారుడిని కదిలించడం కష్టం. బిల్డింగ్ ఖాళీ అయితే మాత్రం ఫ్లాట్లుగా మార్చి అమ్ముకోవచ్చు. చాలావరకు కావాలని పెట్టిన మంటలేనని దర్యాప్తు చేసినవాళ్లే అనుకున్నారు. చాలా కేసుల్లో పెట్టిందెవరో తేలనే లేదు.

మన దగ్గర ఇలాంటివి జరగవులే అనుకునేలోపు మదనపల్లె గుర్తొచ్చింది.

2024 జులై 21, ఆదివారం రాత్రి. సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు. 2,440 ఫైళ్లు కాలిపోయాయని, 700 దాకా మిగిలాయని రెవెన్యూ పెద్దలు లెక్క చెప్పారు. మరుసటి రోజే డీజీపీ ద్వారకా తిరుమలరావు హెలికాప్టర్‌లో దిగి చూసి, ఇది యాక్సిడెంట్ కాదు, ఇన్సిడెంట్ అన్నారు. ముగ్గురు రెవెన్యూ ఉద్యోగులు సస్పెండ్ అయ్యారు, కేసు సీఐడీకి వెళ్లింది. ఎవరు చేశారన్నది కోర్టు తేల్చాల్సిన సంగతి. నాకు ఆసక్తి కలిగించింది వేరే: అసలు ఆ కాగితాల్లో ఏముంటుంది?

మన వైపు డీకేటీ పట్టా అనే మాట వినని ఇల్లుండదు. భూమిలేని పేదోడికి సర్కారు ఇచ్చిన భూమి అది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. అందుకే ఇలాంటివి 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి, రిజిస్ట్రేషన్ జరగదు. 2023లో చట్టం మార్చి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములను అమ్ముకోవచ్చన్నారు. ఇక చూడండి! మదనపల్లె అంటే టమోటా మార్కెట్టే కాదు, బెంగళూరుకు దగ్గర్లో ఉన్న చల్లని ఊరు కూడా. నిన్నటిదాకా రిజిస్ట్రేషన్ కాని చెలక, జాబితాలోంచి బయటికి రాగానే వెంచర్‌కు పనికొచ్చే స్థలం.

“అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదన్నా” అని నా టీమ్‌లో ఒకడు అడిగాడు. ఉన్నాయి. మీభూమిలో అడంగల్, 1బీ రెండూ కనిపిస్తాయి. కానీ అవి చెప్పేది ఈరోజు ఎవరి పేరుందన్నదే. ఆ పేరు ఎలా వచ్చింది, ఎవరు నోట్ రాశారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరి అభ్యంతరాన్ని పక్కన పడేశారు, ఇవి ఫైల్లో ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్ భద్రం, లాగ్స్ బూడిద. తప్పు ఎంట్రీ పడితే నిరూపించేది లాగ్స్‌తోనే కదా.

అద్దెకుండేవాళ్ల సంగతి ఇంకా పల్చన. తిరుపతిలో ఏ ఓనరైనా 11 నెలల అగ్రిమెంట్ అంటాడు, చాలాచోట్ల అదీ నోటిమాటే. కౌలు రైతుకూ 2019 చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలదే, దానికీ భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్ల భయం. ఇలాంటివాళ్లను లేపడానికి అగ్గిపుల్ల కూడా దండగే.

మంటల తర్వాత రెవెన్యూ ప్రత్యేక ప్రధాన కార్యదర్శి సిసోదియా మదనపల్లె వచ్చి అర్జీలు తీసుకుంటే జనం బారులు తీరారు. ఒక ఆఫీసు కాలితే ఇన్ని భూతగాదాలు ఒక్కసారిగా బయటపడ్డాయి. అది చూశాక మా నాయనను అడిగి ఇంట్లో ఉన్న పట్టా, పాసుపుస్తకం, పన్ను రసీదులు ఫోన్‌లో స్కాన్ చేశాను. పాత దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు అడిగాం. ఆయన మాత్రం ఒరిజినల్‌ను మళ్లీ ట్రంకుపెట్టెలోనే పెట్టి తాళం వేశాడు.