మోటారు సైకిలు వలన డబ్బు మిగులునా?

మిరప అమ్మిన సొమ్ము చేతికి రాగానే మన గ్రామములలో మోటారు సైకిలు ప్రస్తావన వచ్చును. బస్సు ఛార్జీ మిగులునని పలువురి అభిప్రాయము. ఆ లెక్కను మేమును వేసి చూచితిమి.

20 కిలోమీటర్ల దూరము నుండి గుంటూరు పత్తి మిల్లుకు నెలకు 25 దినములు వచ్చిపోవు వానికి 1,000 కిలోమీటర్ల ప్రయాణమగును. లీటరుకు 50 కిలోమీటర్లు నడచు బండికి 20 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకొన్నచో 2,200 రూపాయలు. లక్షకు కొన్న బండి ఎనిమిదేండ్లకు 30 వేలకు అమ్ముడుపోయినచో నెలకు సుమారు 730 రూపాయలు తరుగు. టైర్లు, ఆయిలు, బీమా, వడ్డీ వేరు. బస్సుకు పోను రాను 60 రూపాయలైనను నెలకు 1,500 మాత్రమే. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు బస్సులలో రాష్ట్ర మహిళలకు అదియును లేదు.

మిగులునది కాలమే. ఇద్దరు కలసి పోయినచో లెక్క మారును. అప్పుపై కొన్నవారికి వాయిదా నెలనెలా వచ్చును. మిరప సొమ్ము ఏటికొకసారియే కదా! మిల్లు వేళకు బస్సు లేని గ్రామముల సభ్యులు ఆర్టీసీ డిపో మేనేజరుకు పంచాయతీ తీర్మానము పంపవచ్చును.